గ్రంథాలయపు తలుపు, ఆసుపత్రి దీపము

పాఠశాల వార్షిక సంచికలో వైద్య విశ్వవిద్యాలయముల గ్రంథాలయములను గూర్చి వ్రాయుట ఎందులకని తల్లిదండ్రులలో కొందరు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని మన మనలి వీధులను ఒకసారి తలచి చూచినచో, ఈ విషయము మన ఇంటి గడపకు ఎంత దగ్గరగా నున్నదో తెలియగలదు. 1965లో మద్రాసు రిఫైనరీస్, 1966లో మద్రాసు ఫెర్టిలైజర్స్ సంస్థలు ఏర్పడిన పిమ్మట పని వెదకికొని వచ్చిన తెలుగు కుటుంబములును, అంతకు పూర్వము నుండియు ఈ ప్రాంతమున స్థిరపడియున్న తెలుగు కుటుంబములును మన పాఠశాలకు పిల్లలను పంపుచు వచ్చినవి. ఆనాటి కార్మికుల మనుమలు, మనుమరాండ్రు నేడు నర్సు విద్య, ఫార్మసీ, ప్రయోగశాల సాంకేతిక విద్య, ఫిజియోథెరపీ మొదలైన చదువులకు పోవుచున్నారు. వారి చదువును, వారి కొలువును, వారి చేతిలోని రోగి ప్రాణమును గూర్చిన విషయమే ఇది.

2023 డిసెంబరు 26వ తేదీ రాత్రి ఎన్నూరు తీరమున అమోనియా వాయువు వెలువడిన సంగతి మనలో ఎవ్వరును మరచియుండరు. అర్ధరాత్రివేళ పెరియకుప్పము మొదలైన పల్లెల జనులు కన్నులు మండి, ఊపిరాడక పిల్లలతో వీధులలోనికి పరుగులిడిరి. పలువురు ఆసుపత్రుల పాలైరి. అట్టి రాత్రి ఆసుపత్రిలో డ్యూటీయందున్న నర్సు ముందు ఏయే ప్రశ్నలుండునో ఊహింపుడు. అమోనియా కంటిలోని, గొంతులోని తడితో కలిసి క్షారమై కణజాలమును కాల్చును. దానికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. రోగిని ఆ గాలి నుండి దూరముగా తీసికొనిపోవుట, కన్నులను పుష్కలమైన నీటితో కడుగుట, ప్రాణవాయువు నందించుట, గొంతువాపు పెరుగుచున్నదేమో కనిపెట్టియుండుట, ఇవియే చికిత్సకు ప్రాణము. అయితే ఎంతసేపు కడుగవలెను? బాగుగానున్నట్లు కనబడు బిడ్డను ఇంటికి పంపవచ్చునా? ఆస్తమా ఉన్న బిడ్డ విషయమున తీసికొనవలసిన జాగ్రత్త యేది? ఇట్టి ప్రశ్నలకు సమాధానములు వ్రాయబడియే యున్నవి. అవి గ్రంథాలయములో నున్నవి. ఆ గ్రంథాలయము ఆ నర్సు చేతికి ఆ రాత్రి అందునా, అందదా అనునదే మన విచారణ.

సమాధానము దొరకని ప్రశ్నలు

వైద్యము చేయువారికి ప్రశ్నలు పుట్టుట తెలివితక్కువతనమునకు గుర్తు కాదు. 1985లో లాస్ ఏంజెలిస్ నగరమున 47 మంది వైద్యులను పరిశీలించి యొక అధ్యయనమును ప్రకటించిరి. ప్రతి ముగ్గురు రోగులను చూచునప్పటికి వైద్యునికి రమారమి రెండు సందేహములు కలుగుచున్నవనియు, వానిలో నూటికి 30 మాత్రమే రోగి యెదుటనుండగా తీరుచున్నవనియు అందులో తేలినది. 1992లో న్యూయార్కు రాష్ట్రములోని రోచెస్టరు ప్రాంతమున 15 ఆసుపత్రులకు చెందిన 208 మంది వైద్యుల అభిప్రాయములను ప్రకటించిరి. గ్రంథాలయము నుండి తెప్పించుకొనిన సమాచారము వలన తమ చికిత్సలో ఏదో యొక మార్పు చేసితిమని వారిలో నూటికి 80 మంది చెప్పిరి. రోగి మరణమును తప్పించుటకు అది తోడ్పడినదని నూటికి 19 మంది పలికిరి.

దీనికి విరుద్ధమైన అనుభవము 2001లో అమెరికాలోని బాల్టిమోరులో కలిగినది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున ఆస్తమాను గూర్చిన పరిశోధనకై స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన 24 ఏండ్ల ఆరోగ్యవంతురాలొకతె హెక్సామెథోనియము అను మందును పీల్చి, ఊపిరితిత్తులు చెడి, ఆ యేడు జూన్ నెలలో మరణించెను. ఆ మందు ఊపిరితిత్తులకు హాని చేయునను వ్యాసములు 1950వ దశకముననే వెలువడియుండెను. కాని ఆనాడు పబ్‌మెడ్ అను ఆన్‌లైన్ సూచికలో 1966 మొదలుకొని వచ్చిన వ్యాసములే యుండెను. పాత సంపుటములు బీరువాలలో నుండిపోయినవి. వెదకినవారికి అవి కనబడలేదు. ఉన్న విద్య అందకపోవుట ఎంతటి అనర్థమునకు దారితీయునో దీనిని బట్టి తెలిసికొనవచ్చును.

సూచిక యుండుట వేరు, పుస్తకము దొరకుట వేరు

వైద్య వ్యాసములకు సూచిక తయారుచేయు పని 1879లో అమెరికా సైన్యపు వైద్యుడైన జాన్ షా బిల్లింగ్స్ ‘ఇండెక్స్ మెడికస్’ అను పత్రికతో ప్రారంభించెను. 1971లో అది మెడ్‌లైన్ అను పేర కంప్యూటరు ద్వారా దూరము నుండి చూచుకొను సదుపాయమైనది. 1997లో పబ్‌మెడ్ అను పేరుతో లోకములోని వారందరికిని ఉచితముగా లభించినది. నేడు మనలిలోని యే ఇంటి నుండియైనను సెల్‌ఫోనులో దానిని తెరచి చూడవచ్చును.

అయితే తల్లిదండ్రులు ఒక భేదమును గమనింపవలెను. పబ్‌మెడ్ వ్యాసము యొక్క పేరును, సారాంశమును చూపును. పూర్తి వ్యాసము చాలవరకు ప్రచురణకర్తల యధీనములో నుండును. దానికి చందా కట్టవలెను. ఆ చందాలు ఒక్కొక్క నర్సు కాదు గదా, ఒక్కొక్క కళాశాలయే భరింపలేనంత భారమైనవి. అందుచేత విశ్వవిద్యాలయములు చందా కట్టి తమ వారికి చదువుకొను హక్కును సంపాదించి పెట్టుచున్నవి. విందు సిద్ధమైనది, విస్తళ్లు వేసిరి. కాని లోనికి పిలువబడిన వారెవరు, వాకిట నిలువబడిన వారెవరు అనునదే మిగిలిన ప్రశ్న.

దూరమును జయించిన మన పెద్దలు

చదువరి గ్రంథాలయమునకు రాలేనప్పుడు గ్రంథాలయమే చదువరి యొద్దకు పోవలెనను సిద్ధాంతము మనకు క్రొత్తది కాదు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువపై పడవలో పుస్తకములను నింపి గట్టునగల గ్రామములకు చేర్చిరి. ఇటు తమిళదేశమున 1931లో మన్నారుగుడిలో ఎడ్లబండిపై గ్రంథాలయము ఊరూర తిరిగినది. ఆ యేడే మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి యగు రంగనాథన్‌గారి పంచసూత్రముల గ్రంథమును మద్రాసు గ్రంథాలయ సంఘము ప్రకటించినది. చదువరి కాలమును వ్యర్థము చేయరాదనునది ఆ సూత్రములలో నాలుగవది. కాలువ గట్టుననున్న రైతుకు పడవ ఎట్టిదో, రాత్రి డ్యూటీలోనున్న నర్సుకు ఆన్‌లైన్ గ్రంథాలయము అట్టిది. పడవ గట్టునకు చేరవలెను. నడి కాలువలో నిలిచినచో ప్రయోజనము లేదు.

ద్వారము ఎట్లు పనిచేయును?

తమిళనాడు డాక్టర్ ఎం.జి.ఆర్. వైద్య విశ్వవిద్యాలయము 1987 నాటి శాసనము ననుసరించి ఏర్పడి 1988 నుండి పనిచేయుచున్నది. దాని కార్యస్థానము గిండిలో, అనగా నగరమునకు దక్షిణమున నున్నది. మనలి నగరమునకు ఉత్తరపు కొస. దాని యనుబంధ కళాశాలలు రాష్ట్రమంతట వ్యాపించియున్నవి. వైద్యము, దంతవైద్యము, నర్సింగు, ఫార్మసీ మున్నగు శాఖలన్నియు అందు కలవు. మన ఉత్తర చెన్నపురి వారికి పెద్ద దిక్కైన స్టాన్లీ ఆసుపత్రికి చెందిన కళాశాల 1938లో వెలసినది. అదియు ఈ విశ్వవిద్యాలయము యొక్క అనుబంధ కళాశాలయే. ఇంత విస్తారమైన సంస్థలో ఒక్క భవనమందున్న గ్రంథాలయము అందరికిని చాలదు. ఆన్‌లైన్ మార్గమే శరణ్యము.

ఆ మార్గమునకు గల ద్వారములు ముఖ్యముగా మూడు. మన కర్మాగారముల గేటును తలచుకొనిన ఇవి సులభముగా బోధపడును.

మొదటిది స్థలమును బట్టి తెరచుకొను ద్వారము. ప్రతి సంస్థ యొక్క ఇంటర్నెట్టునకు ఐ.పి. చిరునామా యను సంఖ్య యొకటి యుండును. ఆ సంఖ్య నుండి వచ్చిన వారందరిని ప్రచురణకర్త లోనికి పంపును. గేటు లోపల నున్నవానిని ఎవ్వరును చీటీ అడుగనట్లే యిది. కాని కళాశాల ప్రహరీ దాటి బయటికి వచ్చినచో ద్వారము మూతపడును. ఇంటిలోను, హాస్టలులోను, పల్లెలోని ఆరోగ్య కేంద్రములోను అది పనికిరాదు.

రెండవది మధ్యవర్తి ద్వారము. దీనిని ప్రాక్సీ అందురు. బయటనున్న చదువరి మొదట విశ్వవిద్యాలయపు కంప్యూటరునకు తన పేరును, సంకేతపదమును తెలుపును. ఆ కంప్యూటరు తానే ప్రచురణకర్త యొద్దకు పోయి వ్యాసమును తెచ్చి యిచ్చును. లోపలి మనిషి ద్వారా వస్తువును తెప్పించుకొనుట వంటిది.

మూడవది గుర్తింపును బట్టి తెరచుకొను ద్వారము. ఇందు ప్రచురణకర్త చదువరిని, నీవు ఏ సంస్థ వాడవని ప్రశ్నించును. సంస్థ, అవును, ఈతడు మావాడే యని సాక్ష్యమిచ్చును. గాంధీనగరులోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము మన దేశపు విద్యాసంస్థలకై ఇట్టి యేర్పాటును నడుపుచున్నది. గుర్తింపు చీటీ జేబులోనున్న కార్మికుని వలె చదువరి ఎక్కడనున్నను లోనికి పోవచ్చును. మూడింటిలోను నేటి కాలమునకు తగినది ఇదియే.

తలుపు ఎక్కడ మూతపడుచున్నది?

మా పాఠశాలలో చదివి నర్సు విద్యను పూర్తిచేసిన యొక అమ్మాయి తన అనుభవమును మాకు తెలిపినది. విద్యార్థినిగా నున్న నాలుగేండ్లును ఆమెకు సంకేతపదము ఉండెడిది. కాని అప్పుడు పరీక్షల కొరకు మాత్రమే దానిని వాడినది. ఉద్యోగములో చేరి, నిజమైన రోగి యెదుట నిజమైన సందేహము కలిగిన నాడు ఆ సంకేతపదము పనిచేయలేదు. చదువు ముగిసినది గనుక పేరు కొట్టివేసిరి. జ్ఞానము అవసరము లేనప్పుడు చేతిలోనుండి, అవసరమైనప్పుడు చేజారుట విపరీతము కాదా? ఇది ఒక్క కళాశాల దోషమని మేము చెప్పుట లేదు. పలుచోట్ల నిట్టి లోపములు పుట్టుటకు కారణములు కలవు.

ఒకటి, జాబితా లోపము. వైద్య కళాశాలయు, దాని ఆసుపత్రియు ఒకే ప్రాంగణమున నున్నను జీతపు పట్టీలు వేరువేరుగా నుండవచ్చును. గ్రంథాలయపు జాబితా కళాశాల పట్టీని బట్టి తయారైనచో అధ్యాపకులు, విద్యార్థులు చేరుదురు. వార్డు నర్సు, ఫార్మసిస్టు, ప్రయోగశాల సాంకేతికుడు చేరరు. రెండు, సంకేతపదము మరచినచో దానిని సరిచేయువారు పగటి వేళలందే యుందురు. మూడు, వ్యాసమును చేరులోపల నాలుగైదు తెరలు దాటవలసి వచ్చుటచే ఓపిక నశించును. రోగి పిలుచుచుండగా నర్సుకు దొరకు తీరిక రెండు మూడు నిమిషములే. నాలుగు, పెద్ద కంప్యూటరునకై కూర్చిన పుటలు సెల్‌ఫోనులో సరిగా కనబడవు. అయిదు, ఇట్టి సదుపాయము కలదని తెలిసినవారే తక్కువ. తెలియని నిధి భూమిలో పాతిన నిధితో సమానము.

దేశమున జరిగిన ప్రయత్నములు

విడివిడిగా కట్టలేని చందాను కూటమిగా కట్టుట తెలివైన ఉపాయము. బెంగుళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య శాస్త్రముల విశ్వవిద్యాలయము 2003లో హెలినెట్ అను పేర తన యనుబంధ కళాశాలలతో కూటమిని నెలకొల్పినది. 2008లో ఢిల్లీలోని జాతీయ వైద్య గ్రంథాలయము ఎర్మెడ్ అను పేర కేంద్ర ప్రభుత్వ వైద్యసంస్థలకు పత్రికలను అందించుటకు పూనుకొన్నది.

వీటన్నిటికంటె పెద్ద యత్నము ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అను పథకము. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గము దీనిని ఆమోదించినది. 2025, 2026, 2027 సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించిరి. 30 మంది ప్రచురణకర్తలకు చెందిన సుమారు 13,000 పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించుట దీని యుద్దేశము. 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు దీనివలన లాభము పొందుదురని ప్రకటించిరి. 2025 జనవరి 1 నుండి ఇది మొదలైనది.

ఇది ఎంతయు ప్రశంసింపదగినది. అయినను ఆ ప్రకటనలోని మాటలను నిదానముగా చదువుడు. విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు అని మూడు పేర్లున్నవి. నర్సు పేరు లేదు. ఫార్మసిస్టు పేరు లేదు. వారిని జాబితాలో చేర్చుకొనునట్లు ఆయా సంస్థలు శ్రద్ధ వహింపవలెను. అంతియే గాక, ఈ పథకము మొదటి దశలో ప్రభుత్వ సంస్థలకే ఉద్దేశింపబడినది. ప్రైవేటు కళాశాలలలో చదువు మన పిల్లలకు వారి వారి కళాశాలలు కట్టిన చందాలే ఆధారము.

చేయవలసిన మార్పులు

విశ్వవిద్యాలయములు కోట్లు వెచ్చింపకయే చేయదగిన పనులు కొన్ని కలవు. మొదటిది, ఆసుపత్రి జీతపు పట్టీనే గ్రంథాలయ జాబితాకు ఆధారముగా తీసికొని, కొలువులో చేరిన నాడే గుర్తింపు చీటీతోబాటు గ్రంథాలయ ప్రవేశమును ఇచ్చుట. రెండవది, ఆసుపత్రి కంప్యూటరునకును, గ్రంథాలయమునకును ఒకే సంకేతపదమును ఏర్పరచుట. మూడవది, రోగి వివరములు చూచు తెరపైననే గ్రంథాలయమునకు ఒక మార్గమును చూపుట. నాలుగవది, వార్డులలో నెలకొక పర్యాయము గ్రంథాలయాధికారి స్వయముగా వచ్చి పదునైదు నిమిషములు నేర్పుట. అయిదవది, చదువు ముగించి యదే విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో చేరువారికి ప్రవేశము తెగిపోకుండ చూచుట. ఆరవది, ఎంతమంది ప్రయత్నించి లోనికి పోలేక మరలిరో లెక్కవ్రాయుట. చదివిన వ్యాసముల లెక్క అందరును వ్రాయుదురు. మూసిన తలుపు తట్టి పోయినవారి లెక్కయే అసలైన లోపమును చూపును.

ఒక హెచ్చరికయు అవసరము. తన సంకేతపదమును స్నేహితులకు ఇచ్చుట ఔదార్యముగా తోచవచ్చును. కాని ఒక్క పేరు మీద వందలకొలది వ్యాసములు దిగుమతియైనచో ప్రచురణకర్త అనుమానించి మొత్తము సంస్థకే ద్వారము మూయవచ్చును. ఒకరి ఔదార్యము అందరికిని నష్టమగును.

తాళము లేని ద్వారములు

ప్రవేశము లేనివారు నిరాశ చెందనక్కరలేదు. 2000లో ప్రారంభమైన పబ్‌మెడ్ సెంట్రల్ అను భాండారమున పూర్తి వ్యాసములు ఉచితముగా లభించును. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకములును ఉచితమే. అమోనియా వంటి రసాయనములు సోకినప్పుడు ఆసుపత్రిలో చేయవలసిన పనులను అమెరికా ప్రభుత్వపు విషపదార్థ విభాగమైన ఏ.టి.ఎస్.డి.ఆర్. వరుసగా వ్రాసి అందరి కొరకు ప్రకటించినది. రసాయన కర్మాగారముల నడుమ నున్న మన ప్రాంతపు నర్సులు దానిని ముందుగానే చదివియుంచుకొనుట మేలు.

మరియొక ముచ్చట. భీమవరమున 1895లో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కేతో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని గూర్చి 1925లో ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’ పత్రికలో వ్యాసము ప్రకటించిరి. ఆ పత్రిక నేడు అందరికిని ఉచితము. వంద యేండ్ల నాటి ఆ తెలుగువాని వ్యాసమును మన మనలి బాలిక చందా లేకుండ తన ఫోనులో చదువుకొనవచ్చును.

మన వంతు

ఇక తల్లిదండ్రులుగా మనము చేయవలసినదేమి? బిడ్డను నర్సింగు లేక ఫార్మసీ కళాశాలలో చేర్చునప్పుడు ఫీజు, హాస్టలు, బస్సు వసతులను అడుగుదుము. వాటితోబాటు మూడు ప్రశ్నలు అడుగుడు. ఇంటి నుండి గ్రంథాలయమును చూచుకొనవచ్చునా? ఆసుపత్రి శిక్షణ కాలమునను ఆ వసతి యుండునా? వెదకు విధానమును ఎవరైన నేర్పుదురా? పదిమంది తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నకు ఏ కళాశాలయు చెవి మూసికొనజాలదు.

మన పాఠశాల పిల్లలకు ఒక సహజమైన బలము కలదు. వారు ఒకే వస్తువునకు మూడు పేర్లు తెలిసినవారు. ఇంటిలో అవ్వ ఆయాసమనును, వీధిలో మూచ్చు తిణఱల్ అందురు, పుస్తకమున డిస్ప్నియా యని యుండును. వైద్య సూచికలలో వెదకుట యన్నచో ఇదియే. సామాన్యులు ‘హార్ట్ అటాక్’ అనుదానిని సూచికకారులు ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ అను శీర్షిక క్రింద చేర్చిరి. ఇట్టి శీర్షికల పట్టికను 1960 నుండి నిర్వహించుచున్నారు. ఒక మాటతో దొరకనిది మరియొక మాటతో దొరకునను తెలివి, రెండు భాషల నడుమ పెరిగిన బిడ్డకు ఉగ్గుపాలతోనే అబ్బును. మాతృభాష చదువు పై చదువులకు అడ్డమను భయము గలవారు ఈ విషయమును ఆలోచింపగోరుచున్నాము.

మా ఉపాధ్యాయులు తొమ్మిదవ తరగతి నుండి వారమున కొక్క గంట, ప్రశ్నను స్పష్టముగా వ్రాయుట, దానికి తగిన మాటలను ఎన్నుకొనుట, దొరకిన సమాధానము ఎవరు ఎప్పుడు వ్రాసినదో పరిశీలించుట అను మూడింటిని నేర్పవలెనని మేము కోరుచున్నాము. ఇందులకు ఖర్చు లేదు. శ్రద్ధ మాత్రమే కావలెను.

మన బిడ్డలు వేసికొను తెల్లని కోటు కొరకు మనము అప్పులు చేయుచున్నాము, నగలు కుదువ పెట్టుచున్నాము. ఆ కోటు ధరించిన చేతికి అర్ధరాత్రివేళ ఒక సమాధానము అందవలసి వచ్చినప్పుడు గ్రంథాలయపు తలుపు తెరచియుండవలెను. ఆనాడు ఆ మంచము మీద పడుకొనియున్న రోగి మన మనలివాడే కావచ్చును, మనలో నొకడే కావచ్చును.